పేరు తెలియని యంత్రం పెట్టే కేక

పాత డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పాడైన రోజున ఈ వాక్యం మీలో చాలామంది చూసే ఉంటారు. నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలతో "పీఎక్స్ఈ-ఈ61: మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్" అని వస్తుంది. కేబుల్ చూడమంది కదా అని డబ్బా విప్పి, లోపలి తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తీరా అది అడుగుతున్నది నెట్‌వర్క్ కేబుల్ సంగతి! పీఎక్స్ఈ అంటే డిస్కు బదులు నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్ లేచే పద్ధతి. డిస్కులో తనను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ దొరక్కపోయేసరికి, పోనీ పక్కింట్లో అడిగి తెచ్చుకుందామని కంప్యూటర్ బయల్దేరింది. వీధి తలుపు మూసి ఉండటంతో అక్కడే ఆగిపోయింది.

ఇలా అడిగి తెచ్చుకోవడమే జీవనాధారంగా పుట్టిన కంప్యూటర్లు ఒకప్పుడు ఉండేవి. 1980లలో డిస్కులు చాలా ఖరీదు. అందుకే సన్-3/50 లాంటి వర్క్‌స్టేషన్లు చాలా చోట్ల డిస్కు లేకుండానే నడిచేవి. గదిలో ఒక సర్వర్‌కు మాత్రం పెద్ద డిస్కు ఉండేది. మిగతావాటికి ఆపరేటింగ్ సిస్టమ్, ఫైళ్ళు, చివరికి ర్యామ్ చాలనప్పుడు వాడుకునే స్వాప్ జాగా కూడా నెట్‌వర్క్ మీదుగానే అందేవి.

చిక్కంతా మొదటి క్షణంలోనే. స్విచ్ వెయ్యగానే ఆ యంత్రానికి తన గురించి తెలిసింది ఒక్కటే, నెట్‌వర్క్ కార్డు తయారైనప్పుడే అందులో రాసిపెట్టిన 48 బిట్ల నంబరు. నెట్‌వర్క్‌లో తన చిరునామా, అంటే ఐపీ అడ్రస్ లేదు. సర్వర్ ఎక్కడుందో తెలియదు. అడ్రస్ కావాలంటే ఎవరినైనా అడగాలి, అడగాలంటే అడ్రస్ ఉండాలి. మనం చెట్టు ముందా విత్తు ముందా అంటాం. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ రాసిన, ఈ చిక్కు విప్పే బూట్‌పీ అనే పద్ధతి ప్రమాణంలో "కోడి, గుడ్డు సమస్యలు" అని ఒక విభాగానికి శీర్షికే పెట్టారు. అంతకు ముందు ఏడాది స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన రార్ప్ అనే పద్ధతి అడ్రస్ చెప్పేది కానీ, ఏ ఫైలు తెచ్చుకోవాలో చెప్పేది కాదు.

బూట్‌పీ చూపిన దారి జాతరలో తప్పిపోయిన పిల్లాడు చేసే పనే. పేరు, ఊరు చెప్పలేడు, మెడలో బిళ్ళ మీద నంబరు మాత్రం ఉంది. గట్టిగా కేక పెడతాడు. యంత్రం కూడా 0.0.0.0 అనే ఉత్తి చిరునామా నుంచి 255.255.255.255కి, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ, "నా నంబరిది, నేనెవర్ని?" అని కేకేస్తుంది. ఆ నంబరు తన జాబితాలో ఉన్న సర్వర్ జవాబిస్తుంది. నీ అడ్రస్ ఇది, ఫలానా సర్వర్ దగ్గరికి వెళ్ళు, ఫలానా ఫైలు అడుగు.

ఫైలు తెచ్చే పని టీఎఫ్‌టీపీది. ఇంత మొరటు పద్ధతి ఇంకోటి ఉండదు. పాస్‌వర్డ్ లేదు, ఏ ఫైళ్ళున్నాయో జాబితా చూపదు. 512 బైట్లు పంపి, "అందింది" అనే మాట వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చుంటుంది. తర్వాతే మరో 512. కార్డు మీదున్న చిన్న రోమ్ (రాసింది చెరగని) చిప్‌లో ఇమడాలంటే అంతకంటే తెలివితేటలు పట్టవు మరి. 30 మెగాబైట్ల ఫైలుకు ఇలా 61,440 సార్లు పోయి రావాలి. ఒక్కో రాకపోకకు మిల్లీసెకను పడితే నిమిషం, దూరం ఎక్కువై 20 మిల్లీసెకన్లు పడితే 20 నిమిషాలు. పెద్ద ముక్కలు పంపుకునేలా బేరం కుదుర్చుకునే వీలు 1995లో ప్రమాణంలోకి వచ్చింది.

ఆ ఫైలు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, వచ్చాక ఇక కష్టం లేదు. మిగతా సిస్టమ్‌ను సర్వర్ నుంచి చదువుకుంటూ, రాయాల్సినవి ర్యామ్‌లో రాసుకుంటుంది. ఆపితే అన్నీ మాయం. వైరస్ వచ్చినా, ఎవరో డెస్క్‌టాప్ బొమ్మ మార్చినా మళ్ళీ ఆన్ చేస్తే మామూలే. జిమ్ మెక్విలన్ 1999లో మొదలుపెట్టిన ఎల్‌టీఎస్‌పీ అనే లినక్స్ ప్రాజెక్టు ఈ కిటుకుతోనే ఎన్నో బడుల్లో పాత కంప్యూటర్లకు ఆయుష్షు పోసింది.

కానీ కరెంటు పోయి వస్తే ఉంటుంది అసలు టెన్షన్. నేను కొన్నాళ్ళు చూసుకున్న ఒక ల్యాబ్‌లో సర్వర్ ఇంకా ఒళ్ళు విరుచుకుంటుండగానే యంత్రాలన్నీ లేచి ఒక్కసారిగా అరిచేవి. జవాబు రాక విసుగెత్తి ఆగిపోయేవి. చివరికి సర్వర్ లేచాకే, ఒక్కో వరస చొప్పున స్విచ్చులు వేసేవాళ్ళం. ప్రమాణాలు రాసినవాళ్ళు ఈ గోల ఊహించకపోలేదు. 1993లో బూట్‌పీ మీదే కట్టిన, యంత్రాలకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ, జవాబు రాకపోతే 4 సెకన్లు, తర్వాత 8, అలా 64 దాకా ఆగి అడగమంటుంది. ప్రతి విరామానికీ ఒక సెకను అటోఇటో కలపమంటుంది, అందరూ మళ్ళీ ఒకేసారి అరవకుండా.

ఇంటెల్ 1999లో ఇచ్చిన పీఎక్స్ఈ 2.1 ఈ పనులన్నిటినీ ఒక చోట చేర్చింది. డేటా సెంటర్లలో సర్వర్లకు సిస్టమ్ ఎక్కించడానికి ఇవాళ్టికీ అది వాడుకలో ఉంది. దాని బలహీనతా పాతదే, ముందుగా ఎవరు పలికితే వాళ్ళనే నమ్ముతుంది. జాతరలో పిల్లాణ్ణి ఎవరైనా చెయ్యి పట్టుకు తీసుకుపోవచ్చు. 2015లో, స్విచ్ వెయ్యగానే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాంకు సంబంధించిన యూఈఎఫ్ఐ ప్రమాణంలోకి హెచ్‌టీటీపీ బూట్ రావడంతో టీఎఫ్‌టీపీ అక్కర్లేకుండా వెబ్ సర్వర్ నుంచే ఫైలు తెచ్చుకునే దారి ఏర్పడింది.

ఇదంతా మనకెందుకనుకుంటే, ఇంటికెళ్ళాక ఫోన్‌లో వైఫై ఆన్ చెయ్యండి. అది పెట్టే డీహెచ్‌సీపీ కేకకు బూట్‌పీ అస్థిపంజరమే ఆధారం. అందులో సర్వర్ పేరుకు 64 బైట్లు, బూట్ ఫైలు పేరుకు 128 బైట్లు ఇప్పటికీ కేటాయించే ఉన్నాయి. బోలెడంత స్టోరేజీ ఉన్న ఫోన్‌కి అవి అక్కర్లేదు, కాబట్టి ఆ 192 బైట్లలో మామూలుగా సున్నాలే వెళ్తుంటాయి.