చంపినా మళ్ళీ లేచే ప్రాసెస్

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మా ఆఫీసు. పన్నెండు మందిమి రాసే కోడ్ అంతా మూలనున్న ఒక పాత సర్వర్‌లో, కోడ్‌లో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దానికి నాలుగు కోర్లు (సీపీయూలో లెక్కలు చేసే భాగాలు), 8 జీబీ ర్యామ్. ఓ మధ్యాహ్నం దాని ఫ్యాన్ రొద పక్క గదిలోకి వినిపించింది. కోడ్ పంపినవాళ్లకి అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఏది ఎంత సీపీయూ వాడుతోందో చూపే ‘టాప్’ కమాండ్ కొట్టి చూస్తే ఒక్క గిట్ ప్రాసెసే (నడుస్తున్న ప్రోగ్రామే) 390 శాతం సీపీయూ తింటోంది. ఒక కోరు నిండా పనిచేస్తే 100 శాతం కాబట్టి, నాలుగూ దాని చేతిలోనే ఉన్నాయన్నమాట. మా జూనియర్ కుర్రాడు టెన్షన్‌తో, ప్రాసెస్‌ను ఉన్నపళంగా చంపే ‘కిల్ మైనస్ 9’ కొట్టేశాడు. పది నిమిషాలు గడవలేదు, “ఏటన్నా ఇది, చంపితే మళ్ళీ లేస్తంది!” అన్నాడు.

లేవక ఏం చేస్తుంది? దాన్ని పిలిచేవాడు బతికే ఉన్నాడు కదా. అందుకే ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఆ ప్రాసెస్‌ను కాదు, దాని తల్లి ప్రాసెస్‌ను. ‘పీఎస్‌ట్రీ’ కమాండ్‌లో ఆ వంశవృక్షం కనపడుతుంది. మా దగ్గర పైన ఉన్నది ‘గిట్ జీసీ’, అంటే గిట్ తనకు తాను చేసుకునే ఇల్లు సర్దుడు: విడి ఫైళ్లను కలిపి ‘ప్యాక్’ అనే మూట కట్టడం.

ఎవరైనా కోడ్ పంపినప్పుడల్లా సర్దాలా వద్దా అని సర్వర్ చూసుకుంటుంది. విడిగా పడున్న ఆబ్జెక్టులు (గిట్ కోడ్‌ను దాచుకునే చిన్న ఫైళ్లు) సుమారు 6,700 దాటితే మొదలుపెడుతుంది. అన్నిటినీ లెక్కపెట్టడం దండగ కాబట్టి, అవి ఉండే 256 ఫోల్డర్లలో ‘17’ అనే ఒక్కదాన్నే తెరిచి చూసే పద్ధతి గిట్‌లో చాలా ఏళ్లు నడిచింది. అందులో 27 కంటే ఎక్కువ ఉంటే మిగతావీ అంతేనని లెక్క. అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు నొక్కి చూసినట్టే! నాకు గిట్‌లో బాగా నచ్చిన ముక్క ఇది.

మధ్యలో చంపితే సర్దుడు పూర్తికాదు, విడి ఆబ్జెక్టులు అలాగే ఉంటాయి. తర్వాతి మనిషి కోడ్ పంపగానే మళ్ళీ మొదలు. పైగా ‘కిల్ మైనస్ 9’ పంపే సిగ్నల్ 9 ప్రాసెస్‌కు తన సామాను తీసుకునే వ్యవధి కూడా ఇవ్వదు. సగం రాసిన ‘టెంప్ ప్యాక్’ ఫైళ్లు డిస్కులోనే మిగిలిపోతాయి. ఆపక తప్పకపోతే ముందు మామూలు ‘కిల్’, అంటే సిగ్నల్ 15, పంపాలి.

రెండోసారి లేచినప్పుడు చంపకుండా గమనించాం. కాసేపటికి సీపీయూ అంకె పడిపోయింది, లోడ్ (పనిలో, క్యూలో ఉన్న ప్రాసెస్‌ల లెక్క) మాత్రం పెరిగింది. లినక్స్ లోడ్ లెక్కలో డిస్కు కోసం ఎదురుచూసేవీ ఉంటాయి. అంటే ర్యామ్ చాలక సర్వర్ స్వాప్‌లో పడింది, డిస్కునే ర్యామ్‌లా వాడుకుంటోంది.

ఎందుకు చాల్లేదు? స్థలం ఆదా కోసం గిట్ ఒక్కో ఫైలునూ పోలికున్న మరో పదింటితో పోల్చి, తేడా మాత్రమే దాస్తుంది. మామూలు కోడ్ ఫైళ్లయితే ఇది చిటికెలో పని. మా దాంట్లో ఎవరో రోజూ 300 ఎంబీ డేటాబేస్ కాపీలు చేరుస్తున్నారు. అలాంటివి పది పట్టుకుంటే 3 జీబీ. కోరుకొక థ్రెడ్ (ఒకేసారి నడిచే పని పాయ) చొప్పున నాలుగూ అదే పనిలో ఉంటే 12 జీబీ దాకా పోవచ్చు.

గిట్ సెట్టింగుల్లో ‘ప్యాక్ థ్రెడ్స్’ ఒకటికి తగ్గించి, ఈ పోలికకు వాడే ర్యామ్‌కు, అంటే ‘విండో మెమరీ’కి హద్దు పెట్టాం. కోడ్ పంపగానే జరిగే సర్దుడు ఆపి, రాత్రి రెండింటికి నడిచేలా, చెప్పిన వేళకు పని చేసే క్రాన్‌లో పెట్టాం. డేటాబేస్ కాపీలకు వేరే డిస్కు చూపించాం.

పాత కాపీలు గిట్ చరిత్రలో ఇంకా ఉన్నాయి. ప్రతి కమిట్ (గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) నంబరులోనూ దాని ముందు కమిట్ నంబరు కలిసి ఉంటుంది కాబట్టి, వాటిని తీస్తే ఆ తర్వాతి నంబర్లన్నీ మారతాయి. పన్నెండు మందీ కొత్తగా క్లోన్ (మొత్తం కోడ్ కాపీ) చేసుకోవాలి. ఆ పని ఆదివారానికి పెట్టుకున్నాం.