గూగుల్‌లో మొదటి స్థానానికి ధర లేదు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో దుకాణాలకూ లాడ్జీలకూ క్లినిక్కులకూ ఇంటర్నెట్ ప్రచార వ్యవహారాలు చూసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి నష్టం తెచ్చిపెట్టిన నమ్మకం ఒక్కటే.

అపోహ: గూగుల్‌కు డబ్బు కడితే మన దుకాణం అందరికంటే ముందు కనిపిస్తుంది.

వాస్తవం: గూగుల్ ప్రకటనలను అమ్ముతుంది, వాటిపై ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉంటుంది. సాధారణ ఫలితాల్లో స్థానాన్ని మాత్రం అమ్మదు. ప్రకటనలకు ఎంత ఖర్చు చేసినా అక్కడ ఒక్క మెట్టు కూడా పైకి రాము. బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ మన దుకాణం చిరునామా, వేళలు చూపే పేజీ) తెరవడానికీ, వెరిఫై చేయించుకోవడానికీ, సస్పెండ్ అయితే అప్పీలు చేసుకోవడానికీ రుసుము లేదు.

ఈ వదంతి గాలిలోంచి పుట్టలేదు. 1998లో గోటూ.కామ్ అనే వేరొక సెర్చ్ సంస్థ ఫలితాల్లోని స్థానాలనే బాహాటంగా వేలం వేసింది. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ అనే తన ప్రకటనల సేవను ప్రారంభించినప్పుడు ప్రకటనలను ఫలితాల నుంచి విడిగా చూపించింది. గూగుల్‌ను నేను వెనకేసుకురావడం లేదు. సొంత సేవలను ఫలితాల్లో ముందుకు తోసిందని మన కాంపిటీషన్ కమిషన్ 2018లో రూ.135.86 కోట్ల జరిమానా విధించింది. సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని అమెరికా కోర్టు 2024లో తేల్చింది. అయితే ఈ తీర్పుల్లో ఏదీ చిన్న దుకాణదారుల వద్ద ర్యాంకుకు సొమ్ము తీసుకున్నారన్నది కాదు.

ఆ పని చేసేది గూగుల్ పేరు చెప్పుకొని ఫోన్ చేసేవారు. గాజువాకలో మిఠాయి దుకాణం నడిపే ఒక పెద్దాయన నాకొక రసీదు చూపించారు: పైన రంగుల గూగుల్ గుర్తు, కింద ‘వార్షిక ర్యాంకింగ్ ఫీజు’. ఆ డబ్బు యూపీఐలో వెళ్లింది ఎవరో ఒక వ్యక్తి ఖాతాకు. రేపటిలోగా కట్టకపోతే మీ షాపు మ్యాప్‌లోంచి పోతుందని బెదిరించారట. ఇరవై ఏళ్ల వ్యాపారం కనబడకుండా పోతుందంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ప్రొఫైల్ తెరిచి చూస్తే మ్యాప్‌లో గుర్తు పక్క వీధిలో ఉంది, సాయంత్రం వేళల్లో దుకాణం మూసి ఉన్నట్టు చూపిస్తోంది. ఆ రెండూ దిద్దడానికి పైసా ఖర్చు కాలేదు. “మరి పైకి ఎప్పుడొస్తుంది బాబూ?” అని ఆయన అడిగారు. వెతికిన మాటతో పొంతన, దూరం, దుకాణానికున్న పేరు, ఈ మూడింటినీ చూసి గూగుల్ స్థానం నిర్ణయిస్తుంది కనుక తేదీ ఎవరూ చెప్పలేరని, చెప్పేవారిని నమ్మవద్దని చెప్పాను.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కరలేదు. విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తున్నంత మాత్రాన మన ఊరి దుకాణాలు ముందుకు రావు. సర్వర్లు ఎక్కడున్నాయన్నదానికీ మ్యాప్‌లో వరుసకూ సంబంధం లేదు. ఇన్‌కాగ్నిటోలో, అంటే బ్రౌజర్‌లోని ప్రైవేట్ మోడ్‌లో, వెతికితే మనం ఎవరికీ కనిపించమన్నదీ అపోహే. మన ఫోన్‌లో హిస్టరీ మిగలదు, అంతే. మనం తెరిచిన వెబ్‌సైట్లకు మనం కనిపిస్తూనే ఉంటాం.

ఇప్పటికే డబ్బు పంపినవారు సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలియజేయాలి. తరువాత బిజినెస్ ప్రొఫైల్‌లో ఓనర్లు, మేనేజర్ల జాబితా చూడండి. ఓటీపీ అడిగి తీసుకున్నవారు అక్కడ తమ పేరు చేర్చుకొని, కొన్నాళ్లకు ప్రొఫైల్ తిరిగి ఇవ్వడానికి మళ్లీ డబ్బు అడుగుతారు. తెలియని పేరుంటే అప్పుడే తీసివేయండి.