ఒక్క ముక్క తగ్గినప్పుడు

డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న పాత తేడాను పక్కన పెట్టింది. ఆ తేడాకు తెలుగునేలతో సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని చెప్పింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాక కూడా వాదన ఆట స్వభావం చుట్టూనే తిరిగింది. ఆడేవారి మెదడు గురించి అడగవలసినంతగా అడగలేదనే నా అభిప్రాయం.

ఆ శోధన మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. 1954లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే స్వల్ప విద్యుత్తు అందేలా చేస్తే, ఎలుకలు పదేపదే ఆ మీటే నొక్కాయి. దాన్ని సుఖకేంద్రం అనుకున్నారు. అయితే వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాలు 1990లలో ఆ ఊహను సరిదిద్దాయి. ఫలానా సైగ తర్వాత పళ్లరసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు రసం అందినప్పుడు కాక సైగ కనబడగానే చురుకయ్యేవి. ఆశించిన రసం రాకపోతే మందగించేవి. రసం వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడు, ఎదురుచూసే ఆ క్షణాల్లో వాటి చురుకుదనం గరిష్ఠంగా ఉంటుందని 2003లో ఆయన బృందం చూపింది. జూదం నడిచేది ఆ సందిగ్ధం మీదే.

మన పేకాటలో షోకు ఒక్క ముక్క తగ్గి ఓడినవారు లేచి వెళ్లరు, మళ్లీ పంచమంటారు. దీనికి దగ్గరగా ఉండే సంగతిని 2009లో కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం ఒకే రకం బొమ్మలు వరుసగా పడితే డబ్బు వచ్చే స్లాట్ మెషీన్ ఆటతో పరిశీలించింది. వెంట్రుకవాసిలో తప్పిపోయిన ఓటమి, గెలుపుకు స్పందించే మెదడు భాగాలనే కదిలించింది.

అంతకంటే కలచివేసే ఆధారం రోగుల నుంచి వచ్చింది. డోపమైన్‌లా పనిచేసే మందులు వాడుతున్న 11 మంది పార్కిన్సన్స్ రోగులు జూదానికి బానిసలైన తీరును 2005లో మేయో క్లినిక్ వైద్యులు వివరించారు. మందు తగ్గించాకో మానేశాకో చాలామందిలో ఆ యావ తగ్గిపోయింది. దాన్ని బుద్ధిలేనితనమని ఎలా తిట్టగలం?

అమెరికన్ మనోవైద్యుల సంఘం 1980లో జూదరోగాన్ని, దొంగతనం చేయాలన్న, నిప్పు పెట్టాలన్న ప్రేరణను ఆపుకోలేని రుగ్మతల వరుసలో ఉంచింది. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది 2013లో. అప్పటికి రమ్మీ తీర్పు వచ్చి 45 ఏళ్లు దాటింది.