పాలరాతి దేవుడికి పెరుగు అభిషేకం చేయొచ్చా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు మన తెలుగువాళ్లు కట్టుకుంటున్న కొత్త గుళ్లలో సాయిబాబా, రాధాకృష్ణుల విగ్రహాలు చాలావరకు తెల్ల పాలరాతివే. పండగ వస్తే వాటికీ పంచామృతాభిషేకం చేస్తున్నారు. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ రాయికి పులుపు పడదు.

పాలరాయి పుట్టుక సున్నపురాయిలో ఉంది. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి సున్నపురాయి మళ్లీ స్ఫటికాలు కట్టి పాలరాయి అవుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ హాల్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో దీన్ని పరీక్షించి చూశాడు. సుద్ద కూడా ఒక రకం సున్నపురాయే. దాన్ని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. హాల్ సుద్దను తుపాకీ గొట్టంలో గట్టిగా బిగించి కాల్చాడు. వాయువు బయటికి పోయే దారిలేక, లోపల పాలరాయి లాంటి గట్టి స్ఫటిక రాయి తయారైంది!

ఈ స్ఫటికాల పేరు కాల్సైట్. వెలుగు వాటిలోకి కొంత దూరం చొరబడి, చెదిరి బయటికొస్తుంది. పాలరాతి ముఖంలో ప్రాణం ఉన్నట్టు అనిపించేది అందుకే. పైగా ఇది ఉలికి లొంగే మెత్తటి రాయి. ఏథెన్స్‌లో పార్థినాన్ గుడి, ఇటలీ శిల్పి మైకెలాంజెలో 1501-1504 మధ్య చెక్కిన దావీదు విగ్రహం, రాజస్థాన్‌లోని మక్రానా రాయితో 1632లో మొదలైన తాజ్‌మహల్, శిర్డీలో 1954లో ప్రతిష్ఠించిన బాబా విగ్రహం, అన్నీ పాలరాతివే.

అయితే కాల్సైట్‌ను ఆమ్లం కరిగిస్తుంది. ఇది చూడాలంటే జయపురం దాటి శబరి ఒడ్డున అడవిలో ఉన్న గుప్తేశ్వరం వెళ్లాలి. అక్కడ శివుడు వెలిసింది సున్నపురాతి గుహలో. సున్నపురాయిలో ఉండేదీ కాల్సైటే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొంచెం ఆమ్లంగా మారి, దారిలో రాయిని కరిగిస్తుంది. ఇలాంటి గుహలు ఏర్పడేది అలాగే. అదే నీరు గుహలో బొట్లుగా కారినప్పుడు వాయువు గాలిలోకి పోతుంది, కరిగిన రాయి మళ్లీ పేరుకుంటుంది. ఆ లింగం పెరుగుతోందని భక్తులు చెప్పుకుంటారు. సున్నపు గుహల్లో బొట్టు బొట్టుగా రాయి పెరగడం నిజమే, కాకపోతే మన కంటికి ఆనేంత వేగంగా కాదు.

పెరుగు, తేనె, పళ్ల రసాలు ఆ వాన నీటికంటే చాలా పుల్లనివి. నిమ్మరసం ఇంకా ఘాటు. మన పాత గుళ్లలో మూలవిరాట్టులు ఎక్కువగా నల్లరాతివి. వాటిలో సిలికా ఖనిజాలు ఎక్కువ కాబట్టి పెరుగు పోసినా ఆ రాయికి పెద్దగా ఏమీ కాదు. పాలరాయికి మాత్రం మెరుపు పోతుంది. మళ్లీ పాలిష్ పెట్టిస్తే పైపొర అరుగుతుంది. ముక్కు, కనురెప్పలు మొద్దుబారేది అక్కడే.

దీనికి దారి మన పక్కనే ఉంది. పూరీ జగన్నాథుడు కొయ్య విగ్రహం. అందుకే రోజూ స్నానం చేయించేది అద్దంలోని ప్రతిబింబానికి. పాలరాతి విగ్రహాలకూ అలా చేయొచ్చు, లేదా అభిషేకం పంచలోహ ఉత్సవమూర్తికి చేసి, పాలరాతి మూర్తిని మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవొచ్చు. ఇంకా నమ్మకం కుదరకపోతే, గుడిలో నేల పరచగా మిగిలిన పాలరాతి ముక్క మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, కాసేపాగి తుడిచి చూడండి.