"వెనకాల ఫ్లెక్సీ కట్టి తీశారా అండీ?"

ఈ ప్రశ్న మోసుకుని ఈ పెళ్లిళ్ల సీజన్‌లో ముగ్గురు స్టూడియో కుర్రాళ్లు నా దగ్గరికొచ్చారు. దిండి పడవ మీదో, రాజమండ్రి పుష్కర ఘాట్‌లోనో సాయంత్రం పూట ప్రీవెడ్డింగ్ తీసినవాళ్లే. ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్య, ఎక్కువ వెలుగుతో మూడేసి ఎక్స్‌పోజర్లు తీశారు, రాత్రంతా కూర్చుని ఒకే ఫోటోగా కలిపారు. దీన్నే బ్లెండింగ్ అంటాం. ఆల్బమ్ చూసి పెళ్లికూతురివాళ్లు అన్నమాట ఇది. ఒకతనికి బాకీ డబ్బు ఆగిపోయింది కూడా.

అపోహ: బ్లెండింగ్ అంటే నీడలన్నీ తెరిచి ప్రతి మూలా కనపడేలా చేయడం.

వాస్తవం: కానే కాదు. ఎవరు పుట్టించారో గానీ ఈ మాట చాలామందిని ముంచింది. ఘాట్‌లో నిలబడి కొవ్వూరు వైపు చూడండి. దిగుతున్న సూర్యుడి వెలుగు అన్నిటికంటే ఎక్కువ. తర్వాత ఆకాశం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే ఆర్చి బ్రిడ్జి మనవైపు ముఖం, మెట్లు, మనుషులు. వీటి మధ్య తేడాను మీరు తగ్గించొచ్చు, వరస మాత్రం మార్చకూడదు. నీరు తన మీద పడ్డ వెలుగంతా తిప్పి పంపదు, కొంత లోపలికి పోతుంది. అందుకే నీళ్లలో ఆకాశం అసలు ఆకాశం కంటే కాస్త చీకటిగానే ఉంటుంది. మీరేమో ఆకాశాన్ని వెలుగు తగ్గించి తీసిన -2 ఫ్రేమ్‌లోంచి, నీళ్లను వెలుగు పెంచి తీసిన +2లోంచి తీసుకుంటారు. ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. మధ్యలో నాలుగు స్టాపులు, అంటే 16 రెట్లు! ఆకాశం కంటే గోదారి తెల్లగా వెలుగుతుంది. ఎందుకో చెప్పలేకపోయినా, పుట్టినప్పట్నుంచి గోదారిని చూస్తున్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నేనూ ఒకప్పుడు ఇలాగే చేసేవాణ్ని. అంతర్వేది దగ్గర కొబ్బరిచెట్ల కింద ఒక పడవాయన్ని సాయంత్రం తీశాను. నీడలన్నీ లేపి, ప్రింటు వేయించి పట్టుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసి, "బాగుంది బాబూ, ఇది ఏ పూట?" అన్నాడు. పూట చెప్పేది నీడే. దాన్ని నేనే చెరిపేశాను. ఇప్పటికీ ఏ ఫోటో ఇచ్చేముందైనా ఆ ప్రశ్న వేసుకుంటాను.

పద్ధతి ఇదీ. మధ్య ఫ్రేమే అడుగు లేయర్. ఆకాశంలో వెలుగెక్కువై తెల్లగా కొట్టేసిన భాగం వరకే తక్కువ ఎక్స్‌పోజర్ నుంచి తెచ్చుకోండి. నీడలను ఒక స్టాపుకి మించి లేపను. కొబ్బరాకుల దగ్గర ఏ భాగం ఏ ఫ్రేమ్‌లోంచి కనపడాలో చెప్పే మాస్క్‌ని బ్రష్‌తో గీస్తే అంచు చుట్టూ తెల్లటి గీత వస్తుంది, అక్కడ వెలుగు ఎక్కువ తక్కువలను బట్టి దానంతటదే ఏర్పడే లుమినాసిటీ మాస్క్ వాడండి.

అపోహ: ఎన్ని ఫ్రేములు కలిపితే అంత సహజం.

వాస్తవం: చాలాసార్లు రెండు చాలు. గాలికి ఆకులు కదిలి, ఫ్రేములు పెరిగేకొద్దీ ఒక్కో ఆకూ దయ్యంలా రెండేసిగా కనపడుతుంది. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) కదపకుండా షట్టర్ ఒక్కటే మార్చండి.

అపోహ: రా ఫైల్ (కెమెరా సెన్సర్ పట్టిన అసలు డేటా) ఉంటే అన్నీ వెనక్కొస్తాయి.

వాస్తవం: నీడలు చాలావరకు వస్తాయి. పూర్తిగా కొట్టేసిన మబ్బు రాదు.

అపోహ: కలపడం మోసం.

వాస్తవం: మోసం కాదు, పాత పద్ధతే. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ 1850ల్లోనే సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి ఒకే ప్రింటు వేశాడు.

ఆ ముగ్గురూ రీషూట్ ఖర్చు తలుచుకుని బెంగ పడుతున్నారు. అసలు ఫ్రేములు డిలీట్ చేయలేదు కదా తమ్ముళ్లూ, మళ్లీ తీయక్కర్లేదు. మధ్య ఫ్రేమ్ నుంచి మొదలుపెట్టండి. కుదరకపోతే ఆదివారం మెమరీ కార్డు పట్టుకుని వచ్చేయండి, కూర్చుని చేద్దాం.