షాక్ పరికరంపై పోరు ఎందుకు తెగడం లేదు: మూలం 1987 నాటి రాజీలో ఉంది

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కాంటన్ పట్టణంలో ఉన్న జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్ మళ్లీ చర్చలోకి వచ్చింది. ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారి ఒంటికి విద్యుత్ షాక్ ఇచ్చి ప్రవర్తనను అదుపు చేసే సంస్థ ఆ దేశం మొత్తంమీద ఇదొక్కటే. ఆ పరికరాన్ని నిషేధించాలని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో రెండోసారి ప్రతిపాదించింది. ప్రతిపాదన వచ్చినంత మాత్రాన నిషేధం అమల్లోకి రాదు. తుది నిబంధన వెలువడాలి, ఆ తర్వాత అది కోర్టులో నిలబడాలి. మొదటిసారి తెచ్చిన నిషేధాన్ని ఏడాదిన్నర తిరక్కముందే కోర్టు కొట్టివేసింది. అందుకే తుది నిబంధన మాట ఎత్తిన ప్రతిసారీ ఒకవైపు ఆటిజం ఉన్నవారి సంఘాలు, మరోవైపు సెంటర్‌ను సమర్థించే తల్లిదండ్రులు ఎదురెదురుగా నిలుస్తున్నారు.

ఆటిజం ఉన్నవారి తరఫున వారే మాట్లాడాలన్న ఉద్యమం 1990ల తొలినాళ్లలో ఎలా మొదలైందో ఈ రంగాన్ని గమనించేవారికి తెలుసు. దాన్ని మళ్లీ చెప్పనక్కర్లేదు. మనుషులను హింసిస్తున్నారన్న ఫిర్యాదు తిరిగి తిరిగి చివరికి ఒక వైద్య పరికరం మీద వివాదంగా ఎందుకు మారిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దానికి జవాబు సెంటర్‌లో ఒక కుర్రాడికి షాక్‌లు ఇస్తుండగా తీసి 2012లో బయటపడ్డ వీడియోలో లేదు, ఎఫ్‌డీఏ 2020లో తెచ్చిన మొదటి నిషేధంలోనూ లేదు. 1987 జనవరిలో ఒక కౌంటీ కోర్టు ఆమోదించిన రాజీ డిక్రీలో, అంటే ఇరుపక్షాలు కుదుర్చుకున్న రాజీని ఖాయం చేసిన కోర్టు ఉత్తర్వులో ఉంది.

అప్పట్లో ఈ సంస్థ పేరు బిహేవియర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. మాథ్యూ ఇజ్రాయెల్ అనే మనస్తత్వవేత్త 1971లో దాన్ని స్థాపించారు. చెప్పినట్టు వింటే బహుమానం, వినకపోతే శిక్ష అన్నది అక్కడి పద్ధతి. శిక్ష అంటే గిల్లడం, కొట్టడం, ముఖాన నీళ్లు చిమ్మడం, అమ్మోనియా వాసన పీల్పించడం, తలకు హెల్మెట్ తొడిగి చెవుల్లో ఎడతెగని రొద వినిపించడం. 1985లో 22 ఏళ్ల యువకుడొకరు అలాంటి హెల్మెట్‌తో, కదలకుండా బంధించి ఉన్న స్థితిలో చనిపోయారు. దాంతో లైసెన్సులిచ్చే రాష్ట్ర కార్యాలయం సంస్థను మూయించడానికి పూనుకుంది. సంస్థ, కొందరు తల్లిదండ్రులు కలిసి కోర్టుకెక్కారు. బ్రిస్టల్ కౌంటీ ప్రొబేట్ కోర్టు న్యాయమూర్తి ఎర్నెస్ట్ రోటెన్‌బర్గ్ 1986లో రాష్ట్రానికి వ్యతిరేకంగా ఉత్తర్వులిచ్చారు. ఆ ఏడాది చివరికి రాష్ట్రం రాజీకి దిగింది, మరుసటి నెలలోనే డిక్రీ ఖరారైంది. 1994లో సంస్థ ఆ న్యాయమూర్తి పేరే తనకు పెట్టుకుంది.

డిక్రీ ప్రకారం నొప్పి కలిగించే చికిత్సకు ఒక్కొక్కరి విషయంలో విడిగా కోర్టు అనుమతి తీసుకోవాలి. పైకి ఇది రక్షణలాగే కనిపిస్తుంది. కోర్టు దేన్ని ఆధారం చేసుకుని అనుమతిస్తుందో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఈ వ్యక్తి స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్నాడని ముందు తేలుస్తారు. తర్వాత, తీసుకోగలిగి ఉంటే ఏం కోరుకునేవాడో కోర్టు ఊహించి, అతని స్థానంలో నిలబడి చెబుతుంది. అంటే షాక్‌కు అనుమతి మంజూరైన ప్రతి కేసులోనూ, ఈ మనిషికి తెలివే ఉంటే షాక్‌నే ఎంచుకునేవాడని చట్టం దృష్టిలో తేలినట్టు. మాటలు రానివాడి నోట అతను ఎన్నడూ అనని మాట పెట్టే పద్ధతి ఇది. ఆటిజం ఉన్నవారు ఈ సంస్థ మీద ఇన్నేళ్లుగా ఇంత పట్టుదలగా ఎందుకు పోరాడుతున్నారని అడిగేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పరికరం కన్నా ముందు వారిని గాయపరిచింది ఈ ఊహే.

రాజీ కుదిరే నాటికి అక్కడ విద్యుత్ షాక్ లేదు. అది 1980ల చివర్లో వచ్చింది. మొదట బయట తయారైన ఒక పరికరాన్ని వాడారు. దాని దెబ్బకు కొందరు అలవాటుపడిపోయారు. ఇంకా బలమైనది కావాలని ఇజ్రాయెల్ అడిగితే తయారీదారు ఒప్పుకోలేదు. దాంతో సెంటర్ సొంతంగా ఒక పరికరాన్ని తయారు చేసుకుంది. వీపున తగిలించుకునే సంచిలో బ్యాటరీ ఉంటుంది, అందులోంచి వచ్చే తీగలు చేతులకు, కాళ్లకు, నడుముకు కట్టిన ఎలక్ట్రోడ్లకు కలుస్తాయి. రిమోట్ మాత్రం సిబ్బంది దగ్గర ఉంటుంది. పొరపాటున ఒకరికి బదులు మరొకరికి షాక్ తగలకుండా ఆ రిమోట్ డబ్బా మీద దాన్ని ధరించినవారి ఫొటో అంటిస్తారు. పగలూ రాత్రీ ఆ సంచి వీపునుంచి దిగదు.

ఎలాంటి తప్పులకు షాక్? తలను గోడకేసి కొట్టుకోవడం, కళ్లు పొడుచుకోవడం లాంటి ప్రమాదకరమైన చేష్టలకేనని సెంటర్ చెబుతుంది. కానీ న్యూయార్క్ రాష్ట్ర విద్యాశాఖ 2006లో జరిపిన పరిశీలనలో పదేపదే విసిగించడం, బూతులు తిట్టడం, నీటుగా ఉండకపోవడం వంటి వాటికీ షాక్ ఇస్తున్నట్టు తేలింది.

ఇంత తెలిసిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఎందుకు ఊరుకుంది? ఊరుకోలేదు. 1990లలో మేధో వైకల్యం ఉన్నవారి వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ ఈ సంస్థను కట్టడి చేయబోయింది. 1987 రాజీని దురుద్దేశంతో ఉల్లంఘించారంటూ 1995లో కోర్టు ఆ శాఖనే ధిక్కారం కింద తప్పుపట్టింది. సంస్థపై నియంత్రణాధికారాన్ని శాఖ చేతుల్లోంచి తీసి తాను నియమించిన రిసీవర్‌కు (కోర్టు తరఫున బాధ్యత చూసే వ్యక్తికి) అప్పగించింది. 1997లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా దాన్ని సమర్థించింది. ఈ దెబ్బతో లైసెన్సు ఇచ్చేవారికే ఆ గడప తొక్కాలంటే భయం పట్టుకుంది. 2011లో రాష్ట్రం ధైర్యం చేసి, కొత్తగా ఎవరికీ షాక్ మొదలుపెట్టరాదని నిబంధన తెచ్చింది. అప్పటికే కోర్టు అనుమతి ఉన్నవారి జోలికి మాత్రం వెళ్లలేకపోయింది. ఇప్పటికీ ఆ పరికరం మోస్తున్నారని ఎఫ్‌డీఏ అంచనా వేసిన సుమారు 50 మంది ఆ కోవలోని వారే.

అసలు డిక్రీనే రద్దు చేయమని రాష్ట్రం 2013లో అడిగింది. 2018లో కింది కోర్టు కాదంది. 2023 సెప్టెంబరులో అత్యున్నత న్యాయస్థానం కూడా సెంటర్ పక్షానే తీర్పు చెప్పింది. ఒక తరం అధికారులు కుదుర్చుకున్న రాజీకి మూడో తరం అధికారులు కూడా కట్టుబడాల్సి వచ్చింది.

రాష్ట్రంలోని దారి మూసుకుపోయింది కనుకే ఉద్యమం బయటి తలుపులు తట్టింది. ఒకటి ఐక్యరాజ్యసమితి. వికలాంగుల హక్కుల సంఘం ఒకటి 2010లో ఈ వ్యవహారాన్ని చిత్రహింసగా పేర్కొంటూ అక్కడికి నివేదించింది. చిత్రహింసల నిరోధంపై ప్రత్యేక ప్రతినిధిగా ఉన్న హువాన్ మెండెజ్, ఇక్కడ హక్కుల ఉల్లంఘన జరిగిందని 2013లో తేల్చారు. రెండోది ఎఫ్‌డీఏ. దాని అధికారం పరికరాల మీదే తప్ప మనుషుల హక్కుల మీద కాదు. అయినా మిగిలిన దారి అదొక్కటే.

ఈ పోరు నడుస్తుండగానే 2012 ఏప్రిల్‌లో ఆ వీడియో బయటికొచ్చింది. పదేళ్లనాటి దృశ్యాలవి. 18 ఏళ్ల కుర్రాడిని కోటు విప్పమన్నారు, అతను విప్పలేదు. మొదటి షాక్ దానికే. ఆ తర్వాత బల్లకు బోర్లా కట్టేసి, అరిచినందుకు, ఒళ్లు బిగబట్టినందుకు మళ్లీ మళ్లీ ఇచ్చారు. దాదాపు ఏడు గంటల్లో 31 షాక్‌లు. షాక్ నొప్పికి ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్నందుకు మళ్లీ షాక్. అతని తల్లి వేసిన కేసులో ఈ వీడియోను కోర్టు హాల్లో చూపించకుండా ఆపాలని సెంటర్ ఏళ్లపాటు ప్రయత్నించింది. చూశాక దేశమంతా ఉలిక్కిపడింది. కానీ అప్పటికే అక్కడ ఉండి వచ్చినవారు ఏళ్లుగా చెబుతున్నది ఇదే. వాళ్లు చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. రోగి చెప్పే మాటకు విలువేముందన్నారు.

ఆ విలువను సంపాదించుకోవడమే ఆటిజం ఉన్నవారు ఈ పోరులో సాధించిన పెద్ద విజయం అని నేను అనుకుంటాను. 2006లో ఏర్పడిన ఆటిస్టిక్ సెల్ఫ్ అడ్వొకసీ నెట్‌వర్క్ నిషేధం కోరిన సంస్థల్లో ముందు వరుసలో నిలిచింది. ఆటిజం ఉన్న రచయిత, న్యాయవాది లిడియా బ్రౌన్ ఈ సంస్థకు సంబంధించి చెల్లాచెదురుగా ఉన్న కోర్టు కాగితాలు, ప్రభుత్వ నివేదికలు, బాధితుల కథనాలు ఒకచోట చేర్చి అందరికీ అందుబాటులో పెట్టారు. 2014 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం బహిరంగ విచారణ జరిపినప్పుడు సెంటర్‌లో ఉండి బయటపడినవారి సాక్ష్యాలు రికార్డులోకి ఎక్కాయి. కాలిన మచ్చలు, నిద్రలో ఉలిక్కిపడి లేవడాలు, ఎప్పుడు తగులుతుందో తెలియని భయం. మాటల్లో చెప్పలేనివారు నొప్పిని బయటపెట్టలేరు కనుక వారికి ముప్పు మరింత ఎక్కువని ఎఫ్‌డీఏ తన పత్రాల్లో రాసింది. ఊహించిన సమ్మతి మీద నడిచిన వ్యవస్థకు ఎదురుగా, ఆ షాక్ తిన్నవారి సొంత మాట ప్రభుత్వ కాగితం మీదికి చేరింది. 2018లో వికలాంగుల హక్కుల కోసం పోరాడే అడాప్ట్ సంఘం కార్యకర్తలు, చక్రాల కుర్చీల్లో ఉన్నవారితో సహా, అప్పటి ఎఫ్‌డీఏ కమిషనర్ ఇంటి ముందే నిరసనకు కూర్చున్నారు. 2022లో ప్రవర్తన విశ్లేషకుల అంతర్జాతీయ సంఘం కూడా సభ్యుల ఓటింగ్ తర్వాత ఈ షాక్ పద్ధతికి వ్యతిరేకంగా ప్రకటన చేసింది. సెంటర్‌కు సొంత వృత్తి నుంచి ఉన్న ఆసరా అలా పోయింది.

తల్లిదండ్రుల వాదనను పక్కన పెట్టేయలేం. తమ పిల్లలు కళ్లు పోయేంతగా తమను తాము గాయపరుచుకున్నారని, ఏ బడీ చేర్చుకోలేదని, మత్తుమందులతో మంచాన పడేశారని, ఈ పరికరం వచ్చాకే ఇంటికి తీసుకెళ్లగలిగామని వారంటారు. వారి ప్రేమను శంకించాల్సిన పనిలేదు. కానీ దేశంలో ఇలాంటి తీవ్రమైన ఇబ్బందులున్నవారు ఒక్క కాంటన్‌లోనే లేరు. మిగతా అందరినీ షాక్ లేకుండానే చూసుకుంటున్నారు. ఈ ఒక్క మాటకు సెంటర్ దగ్గర తృప్తికరమైన జవాబు నాకెక్కడా కనిపించలేదు.

2020 మార్చిలో ఎఫ్‌డీఏ నిషేధం ప్రకటించింది. వైద్య పరికరాల విషయంలో ఆ సంస్థ చరిత్రలో అది మూడో నిషేధం మాత్రమే. 2021 జులైలో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు 2-1 ఆధిక్యంతో దాన్ని కొట్టివేసింది. ఇలాంటి షాక్ పరికరాలను పొగతాగే అలవాటు మాన్పించడానికీ వాడతారు. ఎఫ్‌డీఏ వాటిని అనుమతిస్తూ, తమను తాము గాయపరుచుకునేవారి విషయంలో, దూకుడుగా ప్రవర్తించేవారి విషయంలో మాత్రమే నిషేధించింది. అలా ఒక్క వాడకాన్ని విడదీసి ఆపడం వైద్యుల వృత్తిలో జోక్యం చేసుకోవడమేనని కోర్టు అంది. షాక్ తిన్నవారు చెప్పింది అబద్ధమని ఆ తీర్పు అనలేదు. ఆ ప్రశ్న దానికి అక్కర్లేకపోయింది. పోరాటాన్ని పరికరాల చట్టంలోకి నెట్టిన 1987 రాజీ ఫలితం ఇక్కడ పూర్తిగా కనిపిస్తుంది. 2022 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, ఒక ప్రత్యేక వాడకానికి పరికరాన్ని నిషేధించే అధికారాన్ని ఎఫ్‌డీఏకు స్పష్టంగా ఇచ్చింది. 2024 ప్రతిపాదన ఆ బలంతో వచ్చిందే.

ఇందులో ఒక చిక్కు మిగిలే ఉంది. షాక్ పరికరం పోయినా రాజీ డిక్రీ రద్దు కాదు, నొప్పి కలిగించే ఇతర పద్ధతులకు కోర్టు గుమ్మం తెరిచే ఉంటుంది. గడువు సంగతి కూడా తేలాలి. 2020 నిబంధనలో, పరికరాన్ని క్రమంగా మానిపించాల్సిన వారికి 180 రోజులు ఇచ్చారు. కోవిడ్ కారణంగా కొద్ది వారాల్లోనే వారి విషయంలో అమలును ఎఫ్‌డీఏయే నిలిపివేసింది, ఆ నిలుపుదల ఎత్తేసేలోపే తీర్పు వచ్చిపడింది. ఈసారి ఆ గడువు నిజంగా అమలవుతుందా, అమలవుతోందో లేదో చూసేవారిలో అక్కడి నుంచి బయటపడినవారికి చోటు దక్కుతుందా అన్నవి తుది నిబంధనలో చూడాల్సిన విషయాలు.