అమెరికా కాల్పుల వార్తలు: ‘కారణం’ చుట్టూ అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మధ్యాహ్నం తుపాకీ పేలితే మనకు అర్ధరాత్రి దాటుతుంది. మృతులెందరో కూడా తేలని ఆ వేళలో, ‘ఎందుకు చేశాడు’ అన్నదానికి మాత్రం మా అంతర్జాతీయ వార్తల డెస్కుకు జవాబులు కుప్పలుగా వచ్చిపడతాయి. ఒక చానల్ మానసిక రోగం అంటుంది, ఇంకొకటి తుపాకీ చట్టాలంటుంది, మరొకటి జాతి విద్వేషం అంటుంది.

అపోహ: వీటిలో ఒకటే నిజం, మిగతావి రాజకీయం.

వాస్తవం: 2023 మే 6న టెక్సస్‌లోని అలెన్ మాల్‌లో 8 మంది బలయ్యారు. వారిలో ఒక తెలుగు యువ ఇంజనీరు ఉండటంతో ఇక్కడ కూడా పెద్ద వార్త అయింది. దుండగుడికి నియో నాజీ (హిట్లర్ తరహా జాతి విద్వేష) భావాలున్నాయని, ఒంటి మీద పచ్చబొట్లు కూడా అదే చెబుతున్నాయని టెక్సస్ పోలీసులు ప్రకటించారు. ‘లాటిన్ అమెరికా మూలాలున్నవాడు నాజీ ఎలా అవుతాడు, కట్టుకథ’ అని ఒక వర్గం కొట్టిపారేసింది. 2008లో మానసిక ఆరోగ్య కారణాలతో సైన్యం అతన్ని పంపేసిందన్న వార్త రాగానే ఇంకో వర్గం దాన్నే పట్టుకుంది. అతని 8 తుపాకులూ చట్టబద్ధంగా కొన్నవేనని తేలడంతో మూడో వర్గానికి అదొక్కటే సరిపోయింది. వీటిలో దేన్ని వదిలేసినా పాఠకుడికి అందేది సగం వార్తే. (దుండగుల పేర్లు కావాలనే రాయడం లేదు. పేరు కోసమే ఈ పని చేసేవాళ్లున్నారు.)

అపోహ: ఇలాంటి పని పిచ్చివాడే చేస్తాడు.

వాస్తవం: 2000-2013 మధ్య కాల్పులు జరిపిన 63 మందిని పరిశీలించి అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2018లో నివేదిక ఇచ్చింది. మానసిక వ్యాధి ఉన్నట్టు వైద్యులు నిర్ధారించిన దాఖలా వాళ్లలో నాలుగో వంతు మందికే ఉంది. అయినా ‘ఉన్మాది ఘాతుకం’ అనే హెడ్డింగులు ఆగడం లేదు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న మనిషికి అవి ఎంత గుచ్చుకుంటాయో ఆలోచించాలి.

అలాగని జబ్బు సంగతి దాచకూడదు. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపిన విద్యార్థి తనకు తాను హాని చేసుకునే స్థితిలో ఉన్నాడని 2005లోనే న్యాయాధికారి తేల్చి, చికిత్సకు ఆదేశించారు. తుపాకీ కొనేవాళ్లను తనిఖీ చేసే జాబితాకు ఆ ఆదేశం చేరనే లేదు. ఏ అడ్డూ లేకుండా రెండు పిస్టళ్లు కొన్నాడు. జబ్బునీ, చట్టంలోని లొసుగునీ పక్కపక్కనే రాయాల్సిన వార్త అది.

అపోహ: ఉన్నట్టుండి మతి తప్పి కాల్చేస్తారు.

వాస్తవం: పైన చెప్పిన ఎఫ్‌బీఐ నివేదిక ప్రకారం 77 శాతం మంది కనీసం వారం ముందు నుంచే ప్లాన్ వేసుకున్నారు. సగానికి పైగా తమ ఉద్దేశాన్ని ముందే ఎవరి దగ్గరో బయటపెట్టారు.

అపోహ: అంతా వీడియో గేమ్స్ వల్లే.

వాస్తవం: జపాన్, దక్షిణ కొరియా కుర్రాళ్లూ అవే గేమ్స్ ఆడతారు. అక్కడ ఇలాంటి కాల్పులు చాలా అరుదు.

అపోహ: గట్టిగా దర్యాప్తు చేస్తే కారణం దొరికితీరుతుంది.

వాస్తవం: 2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో ఒక వ్యక్తి హోటల్ గదిలోంచి సంగీత కచేరీ మీద కాల్పులు జరిపాడు. తర్వాత చనిపోయిన ఇద్దరితో కలిపి మృతులు 60 మంది. తమ పనేనని ఐసిస్ చెప్పుకున్నా ఆధారం దొరకలేదు. స్పష్టమైన కారణమంటూ ఒక్కటీ కనబడలేదని 2019 జనవరిలో ఎఫ్‌బీఐ తేల్చింది. ఎలా కాల్చాడన్నది మాత్రం తెలిసింది: రైఫిళ్లకు బంప్ స్టాక్ అనే పరికరం తగిలించి, దాదాపు మెషిన్ గన్ వేగంతో. ట్రంప్ ప్రభుత్వం 2018లో దాన్ని నిషేధించింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.